చక్రం కింద రాయి

మా ఆవిడ నా గురించి చుట్టాలతో చెప్పే మాట ఒకటుంది. "ఈయప్ప నిద్దట్లో గూడా ఏదో ఒక నట్టు తిప్పుతాంటాడు." కాదనడానికి నాకు నోరు రాదు. బాగానే నడుస్తున్న మిక్సీని ఇంకా బాగా నడిపిద్దామని విప్పి, మూడు రోజులు ఇంటిల్లిపాదికీ రోటి పచ్చడి తినిపించినవాణ్ని. ఫ్యాను రెక్కలు సరిచేయబోయి వంచినవాణ్ని. "కుక్కకు పని లేదు, నిలవడానికి తీరిక లేదు" అని మా నాయన నన్ను చూసినప్పుడల్లా అనేవాడు. నాయన పోయి ఆరేళ్లయింది. ఆయన తోలిన లారీ, ఆయన అన్న ఆ మాట, రెండూ నాకే మిగిలాయి.

లారీ పాతది. నాయన కొనేనాటికే పాతది. ముందటి యజమాని, అసలు ఇంజన్ చెడిపోతే, అంతకన్నా పాతకాలపు ఇంజన్ ఒకటి తెచ్చి బిగించాడు. చదునైన దారిలో దానికి ఏ లోటూ లేదు. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు, నంద్యాల నుంచి డోన్‌కు, నాపరాళ్లు వేసినా వడ్ల బస్తాలు వేసినా గొణుక్కోకుండా పోతుంది. ఎత్తు కనిపించిందంటే మాత్రం దాని ప్రాణం మీదికి వస్తుంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోవాలంటే నల్లమల ఘాటు ఎక్కాలి. లోడుతో ఆ ఘాటు మా బండి ఎక్కదు. గిద్దలూరు వైపు లోడు దొరికితే మైదుకూరు, పోరుమామిళ్ల మీదుగా చుట్టు తిరిగి పోయేవాణ్ని. నాయన కూడా అలాగే పోయేవాడు.

దానికి కారణం ఇంజన్ ఒక్కటే కాదు. నాకు ఎనిమిదేళ్లప్పుడు గిద్దలూరులో ఏదో పెండ్లి ఉంటే, నాయన తన మొదటి లారీలోనే అమ్మనూ నన్నూ ఎక్కించుకుని బయలుదేరాడు. వెనక నిండా నాపరాళ్లు. ఆ రోజు క్లీనరు రాలేదు. ఘాట్లో సగం పైకి వచ్చాక, ఒక పక్క లోయ ఉన్న మలుపులో ఇంజన్ ఆగిపోయింది. బ్రేకు పట్టలేదు. నాకు ముందు ఏమీ తెలియలేదు. కిటికీలోంచి చూస్తే చెట్లు ముందుకు పోతున్నాయి. అంతవరకు నేనెక్కిన ఏ బండిలోనూ చెట్లు ముందుకు పోలేదు. అది చూశాక భయమేసింది.

నాయన "రాయీ!" అని అరిచాడు. క్లీనరు చేయాల్సిన పని అది. బండిలోంచి దూకి, వెనక చక్రం కింద రాయి పెట్టాలి. అమ్మ దూకింది. మొదట పెట్టిన రాయి పక్కకు తన్నుకుపోయింది. రెండోది నిలబడింది. చక్రానికీ రాయికీ మధ్య అమ్మ కుడిచేతి ఉంగరపు వేలు నలిగింది. ఆ వేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది.

నాయన ఆ రాయిని పారేయలేదు. గుమ్మడికాయంత నల్లరాయి. సీటు వెనక పెట్టుకున్నాడు. తర్వాత బండి మారింది గానీ రాయి మారలేదు. మళ్లీ ఆయన ఆ ఘాటు వైపు పోలేదు. ఇంట్లో ఎవరం ఆ మలుపు మాట ఎత్తేవాళ్లం కాదు. ఎత్తకపోయినా అది నన్ను వదిలిందా అంటే వదల్లేదు. ఏ వంతెన ఎక్కుతున్నా, ఏ చిన్న ఎత్తు దగ్గర ఇంజన్ గొంతు మారినా, కిటికీలోంచి చెట్లు ఎటు పోతున్నాయో చూసుకునేవాణ్ని. నలభై అయిదేళ్ల మనిషిని, లారీ యజమానిని, ఇద్దరు పిల్లల తండ్రిని. చెట్లు చూసుకుంటూ బండి తోలడం ఏమిటని నా మీద నాకే కోపం. ఆ మలుపును నిండు లోడుతో, మధ్యలో ఆగకుండా ఒక్కసారి ఎక్కాలి. నా పంతమల్లా అదే.

పోయిన ఏడు వడ్ల లోడ్ల కాలం అయిపోయాక పంతం పనిలోకి దిగింది. నంద్యాలలో నాయనకు స్నేహితుడైన ముసలి మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. నేను చిన్నప్పటి నుంచీ చిచ్చా అని పిలుస్తాను. ఇప్పటి కొత్త బండ్లకు ల్యాప్‌టాప్ తగిలిస్తే గానీ రోగం తెలియదు. చిచ్చా మాత్రం పొడుగాటి స్క్రూ డ్రైవరు ఒక కొస ఇంజన్‌కు ఆనించి, ఇంకో కొస చెవికి ఆనించుకుని వింటాడు. నా కోరిక ఆయనకు చెప్పుకున్నాను. రెండు వారాల తర్వాత ఫోన్ చేసి, తుక్కుకు పోతున్న ఒక బండి నుంచి మంచి టర్బో తీసి పెట్టానన్నాడు. షెడ్డుకు పోయి చూశాను. నత్తగుల్ల ఆకారంలో ఉండే ఇనుప ముద్ద అది. ఇంజన్ వదిలే వేడి పొగతోనే లోపల చిన్న చక్రం తిరిగి, బయటి గాలిని ఇంజన్‌లోకి దట్టిస్తుంది. గాలి ఎక్కువైతే డీజిల్ కూడా ఎక్కువ పోయవచ్చు. రెండూ కలిస్తే బలం.

"ఈడికే తీసుకరా బండిని. నేను బిగిస్తా" అన్నాడు చిచ్చా.

"నేనే బిగిస్తా చిచ్చా, ఇంటి కాడ."

ఆయన నా ముఖంలోకి చూశాడు. నా కుదురు ఆయనకు తెలుసు. "సరే. ఒక్క మాట గుర్తు పెట్టుకో. ముందు గాలి చూడు. గాలి సరిగ్గుందంటేనే డీజిల్ ముట్టుకో. పంపు స్క్రూ పావు తిప్పుకు మించి తిప్పాకు."

అట్లా మా ఇంటి ముందు నాపరాళ్ల గచ్చు మీద షెడ్డు తెరుచుకుంది. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ తీసి పరీక్షకు పంపాను. హెడ్డు దించి కొత్త గాస్కెట్ వేశాను. టాపెట్ల సందులు సన్నటి రేకు పెట్టి కొలిచి ఒక్కొక్కటీ సరిచేశాను. సరిచేసినవి నమ్మకం లేక మళ్లీ సరిచేశాను. టర్బోకు నూనె వచ్చే పైపు, నూనె పోయే పైపు వంచి అమర్చడానికే ఆరు రోజులు పట్టింది. వంటింట్లో ఇడ్లీ పాత్ర మూత ఒకటి కనిపించకపోతే మా ఆవిడ నేరుగా వచ్చి లారీ కింద వెతికింది. దొరికింది కూడా. అందులో నట్లు నానబెట్టి ఉన్నాను.

ఆళ్లగడ్డలో ఇంటి దగ్గర ఇంజన్ విప్పడానికి ఒక చిక్కుంది. మా వీధి చివర శిల్పాలు చెక్కేవాళ్లు ఉన్నారు. పొద్దస్తమానం ఉలి చప్పుడు, రాయి కోసే మిషన్ చప్పుడు. గాలి ఇటు తిరిగిందంటే సన్నటి రాతి పొడి మా గచ్చు మీద, ఆరేసిన బట్టల మీద, అన్నిటి మీదా పడుతుంది. తెరిచిన ఇంజన్‌లో అది పడితే ఇసుక పోసినట్లే. అందుకని ఏ గొట్టం విప్పినా దాని నోట్లో పాత గుడ్డ కుక్కేవాణ్ని. బిగించేటప్పుడు లెక్కపెట్టి తీసేసేవాణ్ని.

అమ్మ అరుగు మీద కూర్చుని కందిపప్పు బాగు చేసుకుంటూ ఇదంతా చూస్తుండేది. మామూలుగా నా పనులు పట్టించుకోదు. ఈసారి మాత్రం ఒక రోజు దగ్గరికి వచ్చి, నేను కడిగి ఆరబెట్టిన ఎయిర్ ఫిల్టర్ డబ్బాను చూపించి అడిగింది. "ఇదేంది నాయనా?"

నాకు ఎవరైనా అడిగితే చాలు, పొంగిపోతాను. "ఇది బండి ముక్కుమ్మా. బయటి గాలి ఈడ్నుంచే లోపలికి పోతాది. ఈ జాలిలో దుమ్మంతా ఆగిపోతాది. బండి ప్రాణం ఈడుంది అనుకో."

"ప్రాణం ఈడుంటాదా?"

"ఈడనే. ఇది బాగుంటే ఘాటు గూడా ఎక్కేస్తాది."

అమ్మ డబ్బాను కాసేపు చూసి, మళ్లీ పోయి పప్పు ముందు కూర్చుంది. ఘాటు అనే మాట మా ఇంట్లో ఏళ్ల తర్వాత పైకి వినిపించింది అప్పుడే. నేను అదేమీ గమనించలేదు. నా ధ్యాసంతా నట్ల మీద ఉంది.

ఫిల్టర్ డబ్బా తప్ప అన్నీ బిగించడం అయిపోయింది. శుక్రవారం పొద్దున అమ్మ బండికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆ సమయానికి నేను డీజిల్ క్యాను కోసం బంకుకు పోయి ఉన్నాను. వచ్చి, ఫిల్టర్ డబ్బా మూత క్లిప్పులు నొక్కి, రబ్బరు గొట్టం బిగించి తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే అందుకుంది. నిలబెట్టి ఉన్నప్పుడు దాని చప్పుడు ఎంత నున్నగా ఉందంటే, శిల్పాల వాళ్లు కూడా ఉలి ఆపి చూశారు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. డీజిల్ వాసన వల్ల అని మా ఆవిడతో అన్నాను.

సగం లోడు నాపరాళ్లు వేసుకుని హైవే ఎక్కాను. ఊరి బయటి వంతెన ఎత్తు మొదలవగానే గట్టిగా తొక్కాను. బండి ముందుకు ఉరకాల్సింది పోయి గొంతు బిగుసుకున్నట్లు మూలిగింది. అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ. వెనకాల వస్తున్న ఆటో కనిపించలేదు. వంతెన మీదికి రెండో గేరులో చేరాను. టర్బో లేనప్పుడే ఇంతకన్నా బాగా ఎక్కేది.

అక్కణ్నుంచి మూడు వారాలు నేను మనిషిని కాదు. పొగ నల్లగా వస్తోందంటే డీజిల్‌కు సరిపోయేంత గాలి అందడం లేదని అర్థం. అది నాకూ తెలుసు. కాబట్టి డీజిల్ పంపు స్క్రూ పావు తగ్గించాను. పొగ తగ్గింది, బలం ఇంకా తగ్గింది. మళ్లీ పావు పెంచాను. బండి దగ్గింది. టర్బో తర్వాత ఉన్న ప్రతి జాయింటుకూ సబ్బు నురుగు పూసి, గాలి కారుతోందేమోనని చూశాను. కారడం లేదు. నాజిల్స్ మళ్లీ తీశాను. టాపెట్లు మళ్లీ చూశాను. అన్నం కంచం ముందు కూర్చున్నా నా బొటనవేలూ చూపుడువేలూ గాల్లో ఏదో తిప్పుతున్నాయని మా పెద్దమ్మాయి నవ్వేది. రోజుకు మూడుసార్లు వంతెన దాకా పోయి వచ్చేవాణ్ని. అక్కడ టీ అమ్మే ఆయన నన్ను చూసి, "ఏమన్నా, ఈ పొద్దన్నా ఎక్కుతాదా?" అని అడగడం మొదలుపెట్టాడు. చంపెయ్యాలన్నంత కోపం వచ్చేది.

ఫిల్టర్ డబ్బా మాత్రం తెరవలేదు. అది నా చేత్తో కడిగింది, నా చేత్తో ఆరబెట్టింది. దాన్ని అనుమానించడమంటే నన్ను నేను అనుమానించుకోవడమే. నాకంత ఓర్పు లేదు. ఇంజన్‌లో ఏ తప్పూ లేకపోతే మిగిలింది టర్బో ఒక్కటే కదా. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, నా చూపు టర్బో మీద పడింది. టర్బో మీద పడిన చూపు చిచ్చా మీదికి పోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

నంద్యాలలో ఆయన షెడ్డుకు పోయేసరికి పొద్దున పదకొండు గంటలు. టీ వేళ. నలుగురైదుగురు డ్రైవర్లు బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను గుమ్మంలో నుంచే అందుకున్నాను. "ఏం చిచ్చా, సచ్చిన టర్బో అంటగట్టినావే నాకు? మా నాయన లేడనే గదా?"

చిచ్చా చేతిలో టీ గ్లాసు కింద పెట్టాడు. "గాలి చూసుకున్యావా?"

"చూసుకున్యా."

"నీ చేత్తో?"

"నా చేత్తోనే."

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "మీ నాయన ముప్పై ఏండ్లు నా మాట మీద బండి తోలినాడు. సరేలే. ఇప్పదీసి తీసుకరా. తిరిగి పెట్టుకుంటా." అంతే. తిట్టి ఉంటే బాగుండేదని దారి పొడవునా అనుకుంటూనే ఉన్నాను. అయినా తప్పు నాదని మాత్రం అనుకోలేదు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అని పెద్దలు ఊరికే అన్నారా.

మరుసటి రోజే టర్బో విప్పడానికి కూర్చున్నాను. ముందు రబ్బరు గొట్టం ఊడదీసి, ఫిల్టర్ డబ్బాను దించి గచ్చు మీద పెట్టాను. అప్పటికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. బండిని నాలుగడుగులు గోడ నీడలోకి జరుపుదామని తాళం తిప్పాను. ఫిల్టర్ లేకుండా ఇంజన్ ఆడించరాదని తెలుసు. తెలిసీ, ఎటూ తీసేసేదే కదా అన్న విసుగులో యాక్సిలేటర్ గట్టిగా తొక్కాను.

బండి గర్జించింది. ఈలలాంటి సన్నటి చప్పుడు ఒకటి లేచింది. అది టర్బో నిండు వేగంతో తిరిగే చప్పుడు. మూడు వారాలుగా నేను వినాలని చచ్చిపోతున్న చప్పుడు. అద్దంలో చూశాను. పొగ లేదు. ఒక్క పోగు కూడా లేదు.

ఇంజన్ ఆపేశాను. కిందికి దిగి, గచ్చు మీదున్న ఫిల్టర్ డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాను. క్లిప్పులు తీసి మూత ఎత్తాను. లోపల, జాలికి అతుక్కుని, పసుపు రంగు గుడ్డ. కొత్త రవికె గుడ్డ, పసుపులో ముంచి ఆరబెట్టింది. ఒక కొసన రూపాయి బిళ్ల వేసి మూడు ముళ్లు వేసి ఉంది. మిగతా గుడ్డంతా విడిపోయి ఉంది. బండి నిదానంగా ఆడేటప్పుడు అది ఒక పక్కకు పడి ఉండేదన్నమాట. గట్టిగా తొక్కగానే గాలి దాన్ని లాగి జాలి మీద పరిచేసేది. ఇంజన్ ఊపిరాడక మూలిగేది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను.

"ఎవరు పెట్టినారు ఇది?" అని అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి పరుగున వచ్చింది. పిల్లలు వచ్చారు.

"నేనే పెట్టినా" అంది అమ్మ అరుగు మీద నుంచి. చేతిలో చేట కూడా దించలేదు. "ముడుపు. అహోబిలం స్వామికి."

"ముడుపు దేవుని గూట్లో పెట్టల్ల గానీ దీంట్లో పెడతారా అమ్మా?"

"బండి ప్రాణం ఆడుంటాదని నువ్వే గదా చెప్తివి. నువ్వు గూడా అన్ని గొట్టాలకూ గుడ్డలు కుక్కుతాంటివి. కుక్కేదేమో అనుకుంటి."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఎంతైనా తల్లి. బండి బాగుండాలని, కొండ ఎక్కాలని మొక్కుకుంది, పాపం. దగ్గరికి పోయి పక్కన కూర్చుని, మెత్తగానే అడిగాను. "ఏమని మొక్కుకున్యావమ్మా? బండి ఘాటు ఎక్కల్లనా?"

అమ్మ పప్పులో రాయి ఒకటి ఏరి అవతల పారేసింది. "ఎక్కగూడదని."

వీధి చివర ఉలి చప్పుడు ఒక్కటే. అమ్మ తల ఎత్తకుండానే చెప్పింది. "నువ్వు ఆ కొండకే పోతావని తెలుసు నాకు. పొద్దున లేస్తే అదే మాట నీ మనసులో. నా చేతిలో ఇంక ఆ బలం లేదప్పా, దూకి రాయి పెట్టేదానికి."

అప్పుడు నాకు కలిగింది కోపం కాదు. సిగ్గు. ముప్పై ఏడేళ్లుగా ఆ మలుపు నాదని అనుకున్నాను. చెట్లు ముందుకు పోవడం చూసింది నేను కాబట్టి భయం నాదే, పంతం నాదే అనుకున్నాను. కిందికి దూకింది అమ్మ. బండి వెనక్కి వస్తుంటే దానికి ఎదురుగా నిలబడింది అమ్మ. ఆమెను ఒక్కనాడూ ఆ రోజు గురించి అడగలేదు. గచ్చు మీద నెల రోజులు ఆమె కళ్ల ముందే ఘాటుకు ఏర్పాట్లు చేశాను.

మధ్యాహ్నం అన్నం తినకుండానే పసుపు గుడ్డ జేబులో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. చిచ్చా ఒక్కడే ఉన్నాడు షెడ్డులో. గుడ్డ బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పి, తప్పయిపోయిందన్నాను. ఆయన ముళ్లు ముట్టుకోకుండా గుడ్డను రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుని నాకే ఇచ్చాడు.

"గాలి చూసుకున్యావా అంటే చూసుకున్యా అంటివి. కడిగేది వేరు, చూసేది వేరు." బల్ల వైపు చూపించి అన్నాడు. "నువ్వు మాట అనిన పొద్దు ఈడ అయిదు మంది ఉన్నారు. ఈ పొద్దు ఎవరూ లేరు."

అర్థమైంది. అక్కడే బల్ల మీద కూర్చున్నాను. సాయంత్రం టీ వేళకు డ్రైవర్లు ఒక్కొక్కరే చేరారు. ఆ రోజున్న వాళ్లలో ముగ్గురు వచ్చారు. లేచి నిలబడి, గుడ్డ ఎత్తి చూపించి, టర్బోలో ఏ తప్పూ లేదు, చిచ్చా మీద నేనన్న మాట తప్పు అని అందరి ముందూ చెప్పాను. నవ్వలేక చచ్చారు. ఆ రోజు నుంచి నంద్యాలలో మా లారీ పేరు ముడుపు బండి. చిచ్చా కూడా నవ్వాడు. నవ్వాక నాకు టీ చెప్పాడు.

ఇంటికొచ్చి అమ్మతో, ఘాటుకు పోనులే, చుట్టు దారిలోనే పోతాను అన్నాను. నిజంగానే అన్నాను. అమ్మ వినలేదు.

"అట్ల గాదు. బండి ఎక్కగూడదని మొక్కుకుంటి. స్వామి ఎక్కనీలేదు. ఆయప్ప మాట నిలబెట్టుకున్యాడు. ఇంక నా మొక్కు నేను తీర్చల్ల."

శనివారం అదే లారీలో అహోబిలం పోయాం. అమ్మ ముడుపు హుండీలో వేసి, ప్రదక్షిణం చేసి వచ్చి, క్యాబిన్‌లో కూర్చుని చెమట తుడుచుకుంది. "మొక్కు చెల్లిపోయింది. ఇంక నీ ఇష్టం."

"మళ్లీ మొక్కుకోవు గదా?"

"మొక్కుకోను. నేనే ఎక్కి కూసుంటా."

అమ్మకు ఫిల్టర్ సంగతి నిజంగా తెలియదా అని మా ఆవిడకు ఇప్పటికీ అనుమానమే. నేనైతే అడగలేదు.

పదిరోజులకు మా వీధి శిల్పాలవాళ్లే లోడు ఇచ్చారు. గిద్దలూరు అవతల ఒక ఊరికి రాతి నంది. వరిగడ్డి పరిచి, మోకులతో కట్టి, ఖాళీలో ఇంకా నాలుగు స్తంభాలు వేశారు. పూర్తి లోడు. తెల్లవారాక బయలుదేరాం. అమ్మ క్యాబిన్ ఎక్కగానే సీటు వెనక చెయ్యి పెట్టి వెతికి, ఆ నల్లరాయిని బయటికి లాగి ఒళ్లో పెట్టుకుంది. బరువమ్మా, కింద పెట్టు అంటే వినలేదు. కొంగు కప్పుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చుంది.

అడవి మొదలైంది. ఘాటు మొదలైంది. మూడో గేరు. టర్బో ఈల లేచింది. ఇంజన్ వేడి చూపించే ముల్లు సగం దగ్గర ఆగింది. నా వీపంతా తడిసిపోయింది. ఒక్కొక్క మలుపూ వస్తోంది, పోతోంది. ఆ మలుపు నాకు దూరం నుంచే తెలిసింది. అమ్మకు చెప్పలేదు. చూపు దారి మీద నిలబడలేదు, పక్కకు పోయింది. చెట్లు వెనక్కి పోతున్నాయి. నిదానంగా, వరసగా, వెనక్కే పోతున్నాయి. గేరు దించే పని పడలేదు.

పైకి వచ్చేసరికి గెలిచానన్న సంతోషం ఉండాలి కదా. ఉండింది, ఒక రెండు నిమిషాలు. తర్వాత ఈల చప్పుడులో ఏదో చిన్న బొంగురు వినిపించినట్లయింది. స్క్రూ ఇంకో పావు తిప్పితే ఇంకా బాగుంటుందేమో అని అప్పుడే నా వేళ్లు స్టీరింగ్ మీద కదిలాయి. అప్పుడడిగింది అమ్మ.

"ఆ మలుపు ఇంకా రాలేదేందిరా?"

"పోయిందమ్మా. దాటొచ్చి పావుగంటయింది."

అమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి వెనక్కి చూసింది. అడవి తప్ప ఏమీ కనిపించదు. "బండి ఆపు" అంది.

చదునుగా ఉన్న చోట పక్కకు ఆపాను. అమ్మ రాయి ఎత్తుకుని దిగింది. పారేయడానికేమో అనుకున్నాను. బండి వెనక్కి పోయి, వంగి, వెనక చక్రం కింద రాయి పెట్టింది. అరచేత్తో లోపలికి నొక్కింది. వంకర గోరున్న వేలు పైకి ఎత్తిపెట్టుకుని నొక్కింది.

"ఈడ చదునుగా ఉంది గదమ్మా. రాయి పనిలేదు."

అమ్మ లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ పొద్దు నేను రాయి పెట్టింది గుర్తుంది. తీసింది గుర్తు లేదప్పా. ఎవరు తీసినారో, ఎట్ల తీసినారో. ఎప్పుడు కండ్లు మూసుకున్యా అది చక్రం కిందనే ఉంటాది." చక్రం వైపు చూపించింది. "నా కండ్ల ముందర తియ్యి."

నేను వంగి, రెండు చేతులతో రాయి లాగి తీశాను. బండి కదల్లేదు. అమ్మ చక్రాన్నే చూస్తూ నిలబడింది. నేను రాయి పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. అంతసేపూ నా వేళ్లు ఊరికే ఉన్నాయి.

"పా ఇంక. ఎండెక్కుతాంది" అంది అమ్మ.